వేళ్ళతో మూడు చుట్లు

నేను తొమ్మిదో తరగతి మూడుసార్లు చదివాను. ఒక్కసారి చదివేసి పైకి పోయినవాళ్ళకు ఆ పుస్తకాల్లో ఏముందో నాకు తెలిసినంతగా తెలిసే అవకాశం లేదు. అంతటి చదువరి చేత ఒక్క మధ్యాహ్నంలో నోరు మూయించిన మనిషి మా అత్తగారు. నేనిది రాస్తుంటే ఆవిడ పక్కనే కూర్చుని బోల్టులు ఏరుతోంది. "నా గురించి రాసేటప్పుడు కోతలు కొంచెం తగ్గించి కోయి" అంది. సగం తగ్గించాను. మిగిలిందే ఇది.

మా అత్తగారిది బోల్టుల కొట్టు. మామగారు పోయాక మూసేయమని అందరూ చెప్పారట. ఆవిడ మూయలేదు సరికదా, ఆయన నలభై సొరుగులతో వదిలివెళ్ళిన కొట్టును రెండువందల పది సొరుగుల కొట్టు చేసింది. నేల నుంచి పైకప్పు దాకా చెక్క సొరుగులే. ఒక్కదాని మీదా పేరుండదు. లోపల ఏ బోల్టు ఉందో అదే బోల్టు బయట పిడిగా బిగించి ఉంటుంది. కావలసినదాన్ని పట్టుకుని లాగడమే. ఆవిడ మెడలో తాడుకు, బోల్టు మీది మరచుట్లు కొలిచే మరల కొలత వేలాడుతుంటుంది. సన్నటి పళ్ళున్న ఉక్కు రేకుల గుత్తి అది. ఒక్కో రేకూ బోల్టు మీద ఆనించి, ఏ పళ్ళు సరిగ్గా కూర్చుంటే అదే దాని మర అని తేలుస్తుంది. చూడడానికి దువ్వెనలా ఉంటుంది గనక బజారంతా ఆవిడను దువ్వెనమ్మ అంటుంది. ఒకాయన నిజంగానే దువ్వెన కోసం వచ్చి, ఆవిడ మాటల్లో పడి అరడజను నట్లు కొనుక్కుపోయాడు. ఆయనది బట్టతల కూడాను.

కళ్ళు మూసుకుని బొటనవేలితో మర తడిమిందంటే, ఆ బోల్టు చేసిన పూట మిషను మీదున్నవాడు భోంచేసి వచ్చాడో లేదో కూడా చెప్పేస్తుంది. ఈ ఒక్కచోట నేను తగ్గించలేదు.

ఆవిడ కొట్లో ఒక నియమం ఉంది. స్టీలు బోల్టులు ఎవరు కొన్నా సరే, గల్లా ముందే నిలబడి ఒక నట్టును వేళ్ళతో మూడు చుట్లు తిప్పి చూపించాలి. "పానా తర్వాత. ముందు వేళ్ళు" అంటుంది. అదొక చాదస్తమని నేను నవ్వుకునేవాణ్ణి.

పెళ్ళయిన రెండో ఏడు నేను ఆ కొట్లో చేరాను. అంతకుముందు పదకొండు ఉద్యోగాలు చేశాను. అన్నీ నేనే వదిలేశానని నేనంటాను. మా ఆవిడ వేరేగా చెబుతుంది. అప్పటికి ఆమెకు ఆరో నెల. అత్తగారు నన్ను పిలిచి, "ఒక నెల చూస్తాను. చెయ్యి కుదిరితే గల్లా పక్క కుర్చీ నీది. కుదరకపోతే నీ దారి నీది, నా కూతురి తిట్లూ నీవే" అంది. ఆ కుర్చీ పోతే నాకు పన్నెండో ఉద్యోగం ఇచ్చేవాడు ఆ ఊళ్ళో మిగల్లేదు.

నెల నిండడానికి నాలుగు రోజులుందనగా అత్తగారు పన్ను తీయించుకోవడానికి వెళ్ళింది. అప్పుడే పాలకేంద్రం మెకానిక్కు వచ్చాడు. పాలట్యాంకుకు అడుగున పక్కగా ఉండే మూతకు పన్నెండు స్టీలు బోల్టులు, నట్లతో సహా కావాలన్నాడు.

"ముతక మరా, సన్న మరా?" అన్నాను గొప్పగా. బోల్టు లావు ఒకటే అయినా, పళ్ళు దూరదూరంగా ఉంటే ముతక, దగ్గరదగ్గరగా ఉంటే సన్న. అప్పటికి నాకు తెలిసిందంతే.

"అమ్మగారు ఏదిస్తే అది తీసుకెళ్తాను. నేనెప్పుడూ అడగలేదు."

"అయితే సన్నది పట్టుకెళ్ళన్నా. పళ్ళెక్కువ, పట్టెక్కువ. ఆ మూత ఊడాలంటే ఏనుగు రావాలి."

"తిప్పి చూపించనా మరి?"

"మనలో మనకెందుకులే. వెళ్ళు."

రెండున్నరకు ఫోను మోగింది. "ఏనుగును నువ్వే పంపు తమ్ముడూ" అన్నాడు మెకానిక్కు. బిగించే మిషనుతో గిర్రున తిప్పాడట. రెండు నట్లు సగం దారిలో పట్టేశాయి. ముందుకూ పోవు, వెనక్కీ రావు. ఐదింటికి పాలు వస్తాయి. మూత పడకపోతే ఆ పూట పాలన్నీ కాలవపాలే.

నేను ఫోను పెట్టేసరికి గుమ్మంలో అత్తగారు. మత్తిచ్చిన దవడ ఒక పక్కకు జారి ఉంది. "ఏ మర ఇచ్చారు, అల్లుడుగారూ?" అంది. మామూలుగా నేను అల్లుణ్ణే. గారు తగిలిందంటే మూడిందన్నమాట.

"సన్నది" అనగానే, ముతక మర బోల్టులు నట్లతో సహా పన్నెండు, తెల్ల గ్రీజు డబ్బా, ఇనుము కోసే హాక్సా సంచిలో వేసుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. అక్కడ మేనేజరు, "ఈ బోల్టులు ఎవరిచ్చారు?" అన్నాడు. నేను మెకానిక్కు వెనక్కి జరిగాను.

"మా కొట్టిచ్చింది. తప్పు మా కొట్టుది" అంది ఆవిడ. నా వైపు చూడనైనా లేదు.

తర్వాత మెకానిక్కుకు చెబుతున్నట్టుగా నాకు చెప్పింది. స్టీలు మీద స్టీలు పొడిగా, వేగంగా తిరిగితే వేడెక్కి పళ్ళు ఒకదాన్నొకటి కరుచుకుని ఒకే ముద్దయిపోతాయి. సన్న మరకు ఆ రోగం ఎక్కువ. అందుకని ఇలాంటిచోట ముతక మర, కాస్త గ్రీజు, చేత్తో నెమ్మదిగా బిగించడం. కొట్లో మూడు చుట్లు తిప్పమనేది కూడా అందుకే. నట్టు తిరిగేలోపు ఈ మాటలన్నీ కొన్నవాడి చెవిన వేస్తుంది. లేకపోతే ఎవరూ నిలబడి వినరు. ఇన్నాళ్ళూ పక్కనే ఉండి నేనే వినలేదు. నేను ఎగ్గొట్టింది చాదస్తాన్ని కాదు, ఆ మాటల్ని.

పట్టేసిన నట్టుకూ మూతకూ మధ్య సందులో కోయమని హాక్సా నా చేతికిచ్చింది.

"మెల్లిగా. ఇంకో బ్లేడు తేలేదు."

"టైమైపోతోంది అత్తయ్యా."

"టైముకు తొందర లేదు. నీకే ఉంది."

రెండూ తెగేసరికి చేతులు రెండూ నావి కావు. కొత్తవాటికి ఆవిడ వేలితో గ్రీజు రాసిస్తే, మెకానిక్కు ఎదురెదురువి ఒక్కొక్కటే చేత్తో బిగించాడు. ఐదుకు పది నిమిషాలుందనగా మూత పడింది. పాలు నిండాక ఆవిడ మూత కింద కాగితం పరిచి చాలాసేపు చూసింది. కాగితం తడవలేదు.

తిరిగొచ్చేటప్పుడు అన్నాను, "రేపట్నుంచి నేను రానులెండి అత్తయ్యా."

"తెల్లారేసరికి రా. నా దవడ లేవదు. రేపంతా మాట్లాడాల్సింది నువ్వే."

మర్నాడు వెళ్ళేసరికి గల్లా పక్క కుర్చీ ముందున్న సొరుగుకు పాత పిడి లేదు. దాని చోట, నేను కోసిన బోల్టు ముక్క, మీద పట్టేసిన నట్టుతో సహా బిగించి ఉంది.

"ఇది ఏ బోల్టు సొరుగత్తయ్యా?"

"నీది" అంది.

అందులో గ్రీజు డబ్బాలుంటాయి. పదమూడేళ్ళుగా స్టీలు బోల్టు అడిగిన ప్రతివాడి కోసం ఆ పిడి పట్టుకుని లాగుతున్నాను. నట్టును మూడు చుట్లు తిప్పమని, తిప్పేలోపు ఈ కథ చెబుతాను. కథలో ఏనుగులు ఇప్పటికి రెండయ్యాయి. మా కుటుంబం తిన్న ప్రతి ముద్దా ఆ కుర్చీలోంచి వచ్చిందే. ఆ కుర్చీని నాకు మిగిల్చిన మాట, మత్తెక్కిన నోటితో ఆవిడ అన్న "మా కొట్టు" అనేదే. అందులో నన్నూ కలుపుకుందని ఆరోజు నాకు తట్టలేదు.

ఇప్పుడైనా ఆ సంగతి ఆవిడతో చెబుదామని చూస్తే, ఏరిన బోల్టులు నా ముందుకు తోసి, "రాసింది చాల్లే. వీటిని సర్దు అల్లుడూ" అంటోంది.