మా తాతయ్య విప్పని బూట్లు

నా చిన్నప్పుడు మా తాతయ్య మగ్గం దిగి కాపలాకు వెళ్లాడు. పెడన వైపు నేతపని మీద బతికిన మనిషి. దగ్గరి చూపు మందగించి పోగులు కనబడకపోయేసరికి భవానీపురంలో మా ఇంటికి వచ్చేశాడు. మా నాన్న అప్పటికే లేడు. అమ్మ మిషను కుట్టేది. ఇంట్లో నెలనెలా జీతం తెచ్చే మనిషి తాతయ్య ఒక్కడే.

ఆయన పని ఒక ప్రభుత్వ రికార్డుల ఆఫీసు గేటు దగ్గర. అంతకుముందు వానాకాలంలో ఎవరో కిటికీ విరగ్గొట్టి పాత ఫైళ్లు ఎత్తుకుపోతే, నలుగురు గార్డులను పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మనుషుల్ని పెట్టడం, వాళ్లకు కావలసిన సామాను ఇవ్వడం ఒక కాంట్రాక్టరుకు అప్పగించారు. అతను నలుగురికీ తలా ఒక ఖాకీ చొక్కా, ఒక లాఠీ, ఒక విజిలు ఇచ్చి ఊరుకున్నాడు. వానొస్తే మా తాతయ్య యూరియా సంచి గొంగడిలా మడిచి నెత్తిన వేసుకుని, హవాయి చెప్పులతో సర్కారు భవనాన్ని కాపాడేవాడు.

అవి దసరా సెలవులు. నేను క్యారేజీ తీసుకెళ్లిన రోజే కాంట్రాక్టరు సూపర్‌వైజరు ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఎల్లుండి పెద్దసారు ఇన్‌స్పెక్షనుకు వస్తారు, త్వరగా సంతకాలు కానివ్వండి అన్నాడు. మిగతా ముగ్గురూ చదవకుండానే వేలిముద్రలు వేసేశారు. తాతయ్య పెన్ను చేతిలోకి తీసుకుని, “మా మనవరాలు చదువుద్ది, వింటాను” అన్నాడు.

“ఏం తాతా, ఆస్తి పంపకాలా?” అని నవ్వాడు సూపర్‌వైజరు.

నేను నిలబడి బడిలో పాఠం చదివినట్టు చదివాను. ఖాకీ బట్టలు రెండు జతలు ముట్టినవి. బూట్లు ఒక జత ముట్టినవి. అక్కడ తాతయ్య తన చెప్పుల వంక చూసుకున్నాడు. రెయిన్‌కోటు ఒకటి. టార్చిలైటు ఒకటి, బ్యాటరీలతో సహా.

“బ్యాటరీలు కూడా ఇచ్చారా అమ్మా నాకు?” అన్నాడు తాతయ్య. ముగ్గురు గార్డులూ నేల చూపులు చూస్తూ నవ్వుకున్నారు.

సూపర్‌వైజరుకు కోపం వచ్చింది. సంతకం పెట్టకపోతే ఇన్‌స్పెక్షను అయిన మర్నాటి నుంచి రానక్కర్లేదనీ, ఆ గేటు దగ్గర నిలబడటానికి ఆటోనగర్ నిండా మనుషులున్నారనీ అన్నాడు. తాతయ్య పెన్నుకు మూత పెట్టి అతని జేబుకు తగిలించాడు. “సామాను రానీ బాబూ. వచ్చిన పూట పెడతాను.”

ఇంటికొచ్చాక అమ్మ బాధపడింది. ఒక్క సంతకంతో ఏం పోయేది నాన్నా, పిల్ల చదువు ఆ జీతం మీదే కదా అంది. అప్పుడు తాతయ్య తన పాత సంగతి చెప్పాడు. మగ్గం నేసేవాళ్లకు నూలు తూచి ఇస్తారు, నేసిన బట్టను మళ్లీ తూచి తీసుకుంటారు. ఒక ముసురులో తడిసిన నూలు తూచి ఇచ్చి, ఇంత బరువు ముట్టిందని వేలిముద్ర వేయించుకున్నారట. నేసేసరికి ఆ చెమ్మ ఆరిపోయింది, బట్ట తూకం తగ్గింది. నూలు కాజేశాడని పదిమందిలో అన్నారు. తడి గురించి ఎంత మొత్తుకున్నా, నీ వేలిముద్రే చెబుతోంది కదా అన్నారు. ఆ తర్వాతే ఆయన పట్టుబట్టి తన పేరు రాయడం నేర్చుకున్నాడు. అంతవరకే నేర్చుకున్నాడు.

ఇన్‌స్పెక్షను రోజు నోటుపుస్తకం పట్టుకుని నేనూ తాతయ్య వెంట వెళ్లాను. పొద్దున్నే ఆటోలో ఒక పెద్ద గోతాం దిగింది. అందులోంచి బూట్లు, రెయిన్‌కోట్లు, టార్చిలైట్లు, ఇస్త్రీ చేసిన ఖాకీలు వచ్చాయి. సారు వెళ్లగానే అన్నీ మళ్లీ గోతాంలో వేసేయాలి అని సూపర్‌వైజరు నలుగురికీ చెప్పాడు. తాతయ్య కోటు తొడుక్కుంటుంటే కాలరు లోపల నల్ల సిరాతో మూడు వేరే ఆఫీసుల పేర్లు కనబడ్డాయి. పైకే చదివాను. ఏ ఆఫీసుకు పెద్దసారు వస్తే ఆ ఆఫీసుకు ముందుగా ఆ గోతాం వెళ్తుందన్నమాట.

“సామాను ఇచ్చావుగా, ఏదీ కాగితం?” అన్నాడు తాతయ్య. సూపర్‌వైజరు సంతోషంగా ఇచ్చాడు. తాతయ్య నిదానంగా తన పేరు రాశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మొన్న అంత గట్టిగా నిలబడ్డ మనిషి ఇవాళ లొంగిపోయాడనుకున్నాను.

సారు జీపులో వచ్చారు. కాగితం చూసి, అన్నీ అందాయా అని అడిగారు. అందాయండి అన్నాడు తాతయ్య. కాగితం సారు ఫైల్లోకి వెళ్లింది, ఫైలు జీపులోకి వెళ్లింది.

జీపు మలుపు తిరగగానే సూపర్‌వైజరు గోతాం మూతి తెరిచి పట్టుకున్నాడు. ముగ్గురూ వంగి బూట్ల తాళ్లు విప్పుతున్నారు. తాతయ్య స్టూలు మీద కూర్చుని నా నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపమన్నాడు. ఆయన చెప్పినట్టే రాశాను: ఈ గార్డుకు ఇచ్చిన బట్టలు, బూట్లు, రెయిన్‌కోటు, టార్చిలైటు ఈ రోజు తిరిగి తీసుకున్నాను.

“దీని మీద నీ సంతకం పెట్టు బాబూ. విప్పేస్తాను.”

“ఏంటిది?”

“ముట్టినయ్యని నేను రాసిచ్చాగా. పట్టుకుపోతున్నానని నువ్వూ రాసివ్వు.”

సూపర్‌వైజరు అరిచాడు. మధ్యాహ్నానికి ఇవి ఇంకో ఆఫీసులో ఉండాలి అన్నాడు, నీ అంతు చూస్తానన్నాడు. తాతయ్య కాలు మీద కాలు వేసుకుని పెన్ను చాపిన చేయి చాపినట్టే ఉంచాడు. అప్పటికి ఒక బూటు విప్పేసిన గార్డు కాసేపు అటూ ఇటూ చూసి, ఆ బూటు మళ్లీ తొడుక్కున్నాడు. అతన్ని చూసి మిగతా ఇద్దరూ తాళ్లు బిగించుకున్నారు. గోతాం ఖాళీగానే ఆటో ఎక్కింది.

తాతయ్య గెలిచాడని చెప్పను. నెల తిరక్కుండా ఆయన్ను హనుమాన్ జంక్షన్ అవతల ఒక గోడౌనుకు మార్చారు. రోజూ రెండు బస్సులు మారి వెళ్లేవాడు. బూట్లు పెద్దవైతే అమ్మ కుట్టగా మిగిలిన గుడ్డముక్కలు కుక్కుకుని అవే వేసుకుని వెళ్లాడు. ఆ ఏడు ముసురు పట్టినప్పుడు రికార్డుల ఆఫీసు గేటు దగ్గర ముగ్గురూ రెయిన్‌కోట్లలో నిలబడటం నేను కళ్లారా చూశాను.

పదో తరగతితో నా బడి ఆగిపోయింది. మిగతా చదువంతా మా శాఖా గ్రంథాలయం బల్ల మీదే సాగింది. నిఘంటువు పక్కన పెట్టుకుని పనివాళ్ల చట్టాలు మొదలు ఉత్తర్వుల దాకా దొరికినదల్లా చదివాను. డిగ్రీలున్నవాళ్లు తెచ్చే కాగితాలకు కూడా ఇవాళ నేను అర్థం చెబుతాను. అది చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

నేనూ గార్డునే అయ్యాను. ఇప్పుడు ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఆడ గార్డులకు పెద్దను. కొత్తగా చేరిన అమ్మాయిలకు సామాను కాగితం వచ్చినప్పుడు నేనే ఒక్కో వరుసా పైకి చదువుతాను. వస్తువు చేతికి వచ్చేదాకా ఎవరినీ సంతకం పెట్టనివ్వను. మొన్న ఒక కుర్ర సూపర్‌వైజరు విసుగ్గా, “ఇవన్నీ మీకు ఎవరు నేర్పారు మేడం?” అన్నాడు. చదవడం లైబ్రరీలో నేర్చుకున్నానండీ అన్నాను. పెన్నుకు మూత పెట్టి అతని జేబుకు తగిలించాను. అది ఎక్కడ నేర్చుకున్నానో చెప్పలేదు.