నా రెండో కాన్పు

నాకు రెండు కాన్పులైన సంగతి మా బంధువుల్లో ఒకరికి తప్ప తెలియదు. ఒక నర్సింగ్ స్కూలుకు మాత్రం తెలుసు. నా పరువు అంత సులువుగా ఎలా పోయిందో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి.

నా భార్య పోయిన మరుసటేడు, తిరుత్తణి దగ్గర నర్సులకు పాఠాలు చెప్పే మా మేనకోడలు నన్ను పిలిపించింది. ఒకే మనిషికి మూడు జబ్బులుంటే ఎట్లా చూసుకోవాలో పిల్లలకు పరీక్ష. నేను రోగి వేషం కట్టి పడుకోవాలి. నా జబ్బులు తనే చెప్పింది.

"బీడీలు తాగి నీకు ఊపిరి చెడింది మామా. సుగరు, బీపీ ఉండాయి. సొంత తెలివి మాత్రం వాడబాకు."

తిరువళ్ళూరు నుంచి బస్సులో దగ్గు సాధన చేస్తూ వచ్చాను. కనకమ్మ సత్రం స్టాపు రాకముందే పక్కాయన సీటు మారాడు. నా నటన మీద నాకు గురి కుదిరింది.

స్కూల్లో ఉతికిన దుప్పటి, మెల్లగా తిరిగే ఫ్యాను, కిటికీలో పల్చని ఎండ. ఏడాదిగా నిద్రలేని మనిషిని అక్కడ పడుకోబెట్టడం, మేకను సొరపాదు పక్కన కట్టేయడం లాంటిది కాదా, మీరే చెప్పండి.

ముందుగా వచ్చిన పిల్ల పేరు దేవి. ఇంతకుముందు ఈ పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి కంపెనీ పనికి పంపుతానని వాళ్ళ నాన్న అన్నాడట. ఆమె నా పాదం మీద చెయ్యి వేసింది. కళ్ళు మూతలు పడ్డాయి.

"యాడ ఇబ్బందిగా ఉండాది అయ్యా?"

ఆ గొంతు నీళ్ళ అవతల నుంచి వచ్చినట్టుంది. ఏళ్ళ తరబడి డాక్టర్ల దగ్గర నా భార్య బదులు నేనే జవాబు చెప్పేవాణ్ణి. నోరు దానంతటదే పలికింది.

"కాళ్ళు పొంగుతాయి. చెప్పులు పట్టవు."

"ఎప్పట్నించి?"

"రెండో కాన్పు నించి."

"నిద్దర పడతాదా?"

"కూచుంటేనే. రాత్రిళ్ళు ఆయనే లేపి కూచోబెడతాడు. పాపం, ఆయనకూ నిద్దర లేదు."

వెనక పిల్లలు గొల్లుమన్నారు. ఉలిక్కిపడి లేచి, అప్పుడు నా వేషం గుర్తొచ్చి, గట్టిగా దగ్గాను.

"మగమనిషికి కాన్పేంది దేవీ? అనుమానం రాలేదా?" అంది మేనకోడలు.

"వచ్చినాది మేడం. నిద్దరలో ఇంటామె మాట చెప్తా ఉండాడు. ఆయన నిద్దరపోయి శానా దినాలైనట్టుండాది. లేపబుద్ధి కాలేదు."

"ఇప్పుడేం చేస్తావు?"

"ఇంకాసేపు పడుకోనిస్తాను."

నా భార్య చేతి అన్నం తిని పెరిగిన పిల్ల మా మేనకోడలు. "నువ్వు పాసు," అని దేవితో చెప్పి, తనే కిటికీ తెర లాగింది. సాయంత్రం దాకా నిద్రపోయాను. తక్కిన పిల్లలు ఒక దిండును రోగి అనుకుని పరీక్షించి గట్టెక్కారట. అది సొంత తెలివి వాడలేదు.

ఇకమీదట రోగి వేషం కట్టనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఒకవేళ కట్టినా, మూడో కాన్పు జోలికి మాత్రం పోను.