విసుర్రాయి దగ్గర నేర్చిన కీర్తన

పసి నాలుకకు మాటను, ముసలి నాలుకకు జ్ఞాపకాన్ని ఇచ్చే ప్రభువుకు స్తోత్రం.

నా చిన్నప్పుడు, దొరల పాలన ఇంకా ఉన్న రోజుల్లో, మేము మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో ఉండేవాళ్ళం. కోతల పండుగనాడు సంఘం ముందు బైబిల్లోని ఒక కీర్తన అప్పజెప్పిన పిల్లలను సండే స్కూల్లో చాప మీది నుంచి బల్ల మీదికి మార్చేవారు. నా ఈడువాళ్ళందరూ బల్లెక్కేశారు. నేను మాత్రం ముక్కులు కారే పసివాళ్ళ మధ్య చాప మీదే ఉండిపోయాను. మూలన కూర్చుని ఎంత వల్లించినా రెండో వాక్యానికి వచ్చేసరికి మొదటిది జారిపోయేది. నా బుర్ర ఇంతేలే అనుకున్నాను.

ఒకనాడు మా అవ్వ నన్ను విసుర్రాయి ముందుకు పిలిచింది. "ఆడ మూలలో గొణిగింది సాలు పాపా. ఈడ కూసోని పిడి పట్టుకో" అంది. ఇద్దరం ఒకే పిడి పట్టుకుని రాగులు విసురుతుంటే, అవ్వ ఆ విసురుపాటల వరసలోనే కీర్తన ఎత్తుకుంది. ఒక మాట ఆమెది, ఒక మాట నాది. నడుమ కావాలనే తప్పు చెప్పేది.

"అట్ల కాదవ్వా!"

"అవునా? ముసలిదాన్ని, మరిసిపోతాండాను. నువ్వే సెప్పు మరి."

గింజలు అయిపోగానే "రాగులు పొయ్యమ్మా!" అని లోపలున్న మా అమ్మను కేకేసేది. అవ్వకు నేనే నేర్పుతున్నానని మురిసిపోతూ కీర్తనంతా నేర్చేసుకున్నాను.

పండుగనాడు కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, చెరకు గడలు, కోళ్ళ నడుమ నిలబడగానే మొదటి మాటే జారిపోయింది. సంఘమంతా నన్నే చూస్తోంది. ఉన్నట్టుండి నా కుడిచెయ్యి దానంతటదే గాలిలో తిరగడం మొదలుపెట్టింది. దాని వెంటే మాటలూ వచ్చాయి. సగంలో ఊపిరి తీసుకుని "రాగులు పొయ్యమ్మా!" అని గట్టిగా అరిచి, మళ్ళీ అందుకున్నాను.

గుడంతా గొల్లున నవ్వింది. ఆడవాళ్ళ వైపు నుంచి మా అవ్వ లేచి, "యాల నవ్వుతారు? కీర్తనలో ఒక్క మాటన్నా తప్పిందా?" అని గదిమింది. ఆరాధన నడిపించే పాస్టరయ్యగారు నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ, "పోస్తాంలేమ్మా, నువ్వు కానీ" అన్నారు. చివరిదాకా చెప్పి, ఆ ఆదివారమే బల్లెక్కాను.

బుద్ధి మూలన ఒంటరిగా పెరగదు. మనుషుల మధ్య, పనిపాటల మధ్య పెరుగుతుంది. అందుకే మనవరాలు పాఠం రావడం లేదని ఏడిస్తే నా పక్కన కూర్చోబెట్టుకుని, చిక్కుడుకాయలు ఇద్దరం ఒలుస్తూ, నాకు తెలియనట్టే అడిగి చెప్పించుకుంటాను.

ఇది చదివే మీరూ నాతో ఒక్క క్షణం తల వంచండి. ప్రభువా, తనకేమీ రాదనుకునే ప్రతి బిడ్డ పక్కనా ఓపికగల ఒక మనిషిని కూర్చోబెట్టు. ఆమెన్.