ఇసుక దులిపే ఆవిడ

రేపల్లె సంతలో పాత సామాన్ల దగ్గర ఒక ఇత్తడి చెంబును తిప్పి చూస్తుండగా నా నడుముకు ఒక చెయ్యి తగిలింది. రద్దీ అనుకున్నాను. రెండోసారి తగిలినప్పుడు భయం వేసింది. ఊళ్లు తిరిగి సంతలు చూడటం, అక్కడ దొరికింది తినడం నాకు కాలేజీ రోజుల నుంచీ ఇష్టం. ఆ రోజు తెనాలి నుంచి పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని వచ్చాను. అలవాటు ప్రకారం నోరెత్తకుండా వాళ్లను లాక్కుని పక్కకు జరిగాను.

ఎదురుగా ఎండుచేపలమ్మే ఆవిడ కూర్చుని ఉంది. సూర్యలంక సముద్రతీరపు ఇసుకలో ఎండిన చేపలను గోనెపట్టా మీద టపటపా కొట్టి దులిపితేగానీ ఆవిడ తూకం వెయ్యదు. దులుపుతూనే నన్ను అడిగింది.

"నువ్వెందుకు జరిగావమ్మాయ్? జరగాల్సింది ఆడు కదా."

నా వెనకున్నతను నవ్వాడు. "సామాన్లు చూసుకుంటున్నా పిన్నీ."

"చూసేది కళ్లతో కదయ్యా, చెయ్యెందుకు?"

చేతిలోని చేపను అతని కాళ్ల దగ్గర గట్టిగా కొట్టింది. ఇసుకంతా అతని ప్యాంటు మీద పడింది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూసేసరికి అతను తల దించుకుని వెళ్లిపోయాడు.

"నీ బేరం నువ్వు చేసుకోమ్మా," అంటూ ఆవిడ ఇంకో చేప అందుకుంది.

చెంబు కొన్నాను. పిల్లలకు పునుగులు కూడా అక్కడే తినిపించాను. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇక పిల్లల్ని సంతలకు తీసుకెళ్లనని పైకే అనేశాను. కళ్లు మూస్తే ఆ చేపల టపటపలు, ఆవిడ మాటలే వినిపించాయి.

పొద్దున్నే మా అమ్మాయి అడిగింది, "ఇంక సంతకి వెళ్లమా అమ్మా?"

"వచ్చే వారం బాపట్ల సంతకి వెళ్దాం," అన్నాను. "ఎవరైనా మీద చెయ్యి వేస్తే ఇద్దరూ గట్టిగా అరవండి. జరగాల్సింది మనం కాదు."