చాందినికి ఇక పస్తు లేదు

సారలమ్మ పగలు నాచారంలో ఒక మందుల కంపెనీలో పెట్టెలు నింపుతుంది, పెళ్ళిళ్ళ సీజన్ వస్తే సాయంత్రాలు ఉప్పల్ వీధుల్లో పెళ్ళికొడుకును ఊరేగించే బరాత్ గుర్రాన్ని నడుపుతుంది. గుర్రం పేరు చాందిని. పన్నెండేళ్ళ తెల్లటి ఆడగుర్రం. సారలమ్మ మొగుడు పోశయ్య పోయాక, మొగుడు లేనిది పెళ్ళికొడుకు ముందు నడవడమేమిటని గొణిగినవాళ్ళ కళ్ళ ముందే నాలుగేళ్ళుగా నడుస్తోంది. గొణిగేవాళ్ళు ఇంకా గొణుగుతూనే ఉన్నారు, వాళ్ళ నోళ్ళు వాళ్ళిష్టం.

బరాత్ గుర్రాలవాళ్ళకు ఒక అలవాటుంది. ఊరేగింపు ముందురోజు నుంచే గుర్రానికి మేత బంద్. పెళ్ళికొడుకు ఎక్కి ఉండగా లద్దె వేస్తే అపశకునమట, పైగా వీడియో పాడవుతుందట! పోశయ్య తండ్రి అలాగే పస్తు పెట్టాడు, పోశయ్యా పెట్టాడు, సారలమ్మా పెట్టింది. మాఘంలో ముహూర్తాలు వరసగా పడితే చాందినికి వారంలో నాలుగు రోజులు కడుపు మాడేది.

ఆ మాఘం గడిచేసరికి గుర్రం గుర్రంలా లేదు. దాణా సగంలో వదిలేసేది, పళ్ళు నూరేది, జీను పట్టీ బిగించబోతే కరవడానికి తిరిగేది. బరాత్‌లు కుదిర్చే బ్యాండు సాంబయ్య "పొగరెక్కింది అక్కా" అని తేల్చేశాడు. సారలమ్మ వామూ బెల్లమూ నూరి పెట్టింది. సాంబయ్య చెప్పాడని నొప్పి సూదులూ వేయించింది. సూది వేసినప్పుడు కాస్త తేరుకున్నట్టుండేది, ఆ తర్వాత ఇంకా చిక్కిపోయేది. చివరికి ఒక సాయంత్రం పెళ్ళికొడుకు ఎక్కకముందే చాందిని రోడ్డుమీద కూలబడి, మెడ తిప్పి తన పొట్ట వైపు తానే చూసుకుంది. సారలమ్మ బరాత్ వదిలేసి, దాన్ని మెల్లగా లేపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

పశువుల దవాఖానాలో డాక్టర్ దీప దానికి మత్తిచ్చి, ముక్కులోంచి మూడు మీటర్ల కెమెరా గొట్టాన్ని కడుపులోకి దింపింది. తెరమీద కడుపు పైభాగమంతా ఎర్రటి పుండ్లు.

"ఇది పొగరు గాదమ్మా, మంట. గుర్రం కడుపుల యాసిడ్ తిన్నా తినకున్నా ఊరుతనే ఉంటది. గడ్డి నమిలితే ఉమ్మి దిగి దాన్ని చల్లారుస్తది. ఖాళీ కడుపుతో నడిపిస్తే అది పైకెగిరి కాలుస్తది. మీరు పొడిపించిన సూదులు గూడ కడుపును చెడగొట్టినయ్" అంది దీప.

"అంటే నేనే జేసిన్నా మేడం?"

"తెల్వక చేసిన్రు. ఇగ చేయకున్రి."

నెలరోజులు పొద్దున్నే పరగడుపున నోట్లోకి మందు పేస్టు. గింజలు తగ్గించి, ఎప్పుడూ ముందర గడ్డి. ఆ ట్యూబు మీద పేరు చదివి సారలమ్మ బిత్తరపోయింది. కంపెనీలో మనుషుల కోసం తను రోజూ పెట్టెల్లో నింపే మందే అది. ఇన్నాళ్ళూ ఊరందరి కడుపుమంటకూ మందు సర్దిన చేతులే ఇంట్లో గుర్రాన్ని మాడ్చాయి. ఆమెకు సిగ్గేసింది. సిగ్గు వెనకే కోపం వచ్చింది, తన మీదా, ఆ అలవాటు మీదా. పుండ్లు మానాయో లేదో చూడటానికి కెమెరా కోసం మరోసారి పస్తు ఉంచాల్సి వచ్చింది. "ఇదే ఆఖరు బిడ్డా" అని చాందిని చెవిలో మాటిచ్చింది. పుండ్లు మానాయి.

వైశాఖంలో ఉప్పల్‌లో బరాత్ కుదిరింది. హబ్సిగూడలో ఉండే రిటైరైన సైంటిస్టు అచ్యుతరావు కొడుకు పెళ్ళి. ఆ సాయంత్రం పెళ్ళివారి విడిది ముందుకు సాంబయ్య వచ్చి చూస్తే గుర్రం ముందు గడ్డిమోపు, నోట్లో గడ్డి.

"ఏంది సారక్కా గిది? లద్దె ఏస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"పొద్దటిసంది తింటనే ఉన్నది. నడిచేదాక తింటది."

"గట్లయితే ఘట్‌కేసర్ నుంచి వేరే గుర్రాన్ని తెప్పిస్త. ఇగ నీకు బరాత్ దొరకది, సూస్కో!"

"తెప్పియ్. దాన్ని పస్తు పెడితే దాని ముంగట గూడ నేనే గడ్డి ఏస్త."

అరుపులు విని అచ్యుతరావు వచ్చాడు. "ఏమిటమ్మా ఈ గొడవ? ఒక్కపూట తినకపోతే గుర్రానికేమవుతుంది?"

ఆయన జేబులోంచి గోలీల పట్టీ తొంగిచూస్తోంది. సారలమ్మ దాన్ని ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

"ఆ గోలీలు దేనికి సార్?"

"ఇవా? గ్యాసుకి. వేళకి తినకపోతే మంట."

"ఆ పెట్టెలు నింపేది నేనే సార్. మీకు మంటయితే చెప్పుకుంటరు, గోలీ ఏసుకుంటరు. దీనికి మంటయితే మేం పొగరన్నం, సూది పొడిచినం. తిన్న గుర్రమే వస్తది. వద్దంటే మీ కొడుకును కారెక్కియ్యున్రి."

అచ్యుతరావు గోలీల పట్టీని జేబు లోపలికి తోసుకున్నాడు. తర్వాత కొడుకును గుర్రమెక్కమన్నాడు.

బరాత్ కదిలింది. సరిగ్గా ఫంక్షన్ హాలు గేటు ముందు, వీడియో లైట్ల నడుమ, చాందిని తోకెత్తి తీరిగ్గా లద్దె వేసింది. బ్యాండు ఠక్కున ఆగింది. పెళ్ళివారంతా సారలమ్మ వైపు చూశారు. ఆమె తల దించలేదు. గుర్రం మెడ మీద చెయ్యేసి సాంబయ్య వైపు తిరిగింది.

"ఆగినవేంది? తిన్నది గాబట్టే ఏసింది. బ్యాండు కొట్టు!"