మార్తక్క డబ్బాలో మిగిలిన మాత్రలు

రాజోలు దగ్గర మా ఊరి స్కూల్లో పిల్లలచేత ఎక్కాలు చెప్పిస్తూ దగ్గాను. చేతిరుమాలు మీద ఎర్రటి చుక్క పడింది. పిల్లలు చూడకుండా మడిచేశాను. డెబ్భైల చివరి మాట ఇది. అప్పటికి నెల్లాళ్లుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం వచ్చేది. వేడి చేసిందని సరిపెట్టుకుంటూ వచ్చాను.

అమలాపురంలో ఎక్స్‌రే తీశారు, కఫం తీసి స్పుటమ్ టెస్ట్ చేశారు. టీబీ అని తేలింది. పెళ్లికాని టీచరుకి ఆ మాట ఎంత భయమో ఆ కాలం వాళ్లకే తెలుసు.

"ఏడాదిన్నర కోర్సమ్మా," అన్నారు డాక్టరుగారు. "నాలుగు నెలలకే బాగుందనిపిస్తుంది. అప్పుడు మానేశారంటే ఇక నా చేతుల్లో ఉండదు."

మా చర్చి సంఘంలోనే కొబ్బరిపీచు తాళ్లు పేనే మార్తక్కకీ అదే జబ్బు. ఇద్దరం కలిసే వెళ్లి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు చేయించుకునేవాళ్లం. నొప్పికి కూర్చోలేక బస్సులో నిలబడే తిరిగొచ్చేవాళ్లం, ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ.

తర్వాత మాత్రలే. నాలుగో నెలకి దగ్గు పోయింది, ఒళ్లు చేశాను. నాది మొదటినుంచీ తొందర. అన్నం ఉడక్కుండానే గిన్నె దించే రకమని అమ్మ దెప్పేది. ఓ ఆదివారం ఆరాధనలో లేచి, ప్రభువు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పేశాను. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పాస్టరుగారు గట్టిగా స్తోత్రం అన్నారు.

చర్చి గుమ్మంలో మార్తక్క నా చెయ్యి పట్టుకుంది. "టీచరుగారండీ, మరి నేనూ మాత్రలు మానెయ్యొచ్చంటారా?"

చుట్టూ జనం. "విశ్వాసముంచక్కా," అన్నాను.

"ఆయ్, అలాగేనండీ."

నేను మాత్రం మానలేదు. వంటింటి తలుపు చాటున మింగేదాన్ని. నాన్నగారే వెళ్లి మందులు తెచ్చేవారు. నయమైపోయిందని అందరిలో చెప్పి, ఇంకా మాత్రలు మింగుతోందంటే నవ్వరూ!

మార్తక్క చర్చికి రావడం తగ్గింది. పని ఎక్కువై ఉంటుందనుకున్నాను. అలా అనుకోవడం నాకు వీలుగా ఉంది. చివరికి డాక్టరుగారే నాన్నగారిని అడిగారట, "మార్తమ్మ రావడం లేదేం?" అని.

పరుగున వెళ్లాను. పీచు కుప్ప పక్కన నులకమంచం మీద ఎముకల గూడై ఉంది. దిండు కిందనుంచి మాత్రలు దాచిన పౌడరు డబ్బా తీసి చూపించింది.

"మీరు చెప్పేక ఒక్కటీ వేసుకోలేదండీ. దేవుడి టైము కోసం కనిపెట్టుకుని ఉన్నానండీ," అంది గర్వంగా.

అప్పుడు చెప్పాను, నేను మానలేదని. డబ్బా మూత తీసి మాత్రలకేసి చూసుకుంది.

"మరి నాకు చెప్పేరు కారేమండీ?"

అంతే. ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మళ్లీ ట్రీట్‌మెంట్ మొదలుపెట్టించాం. "ఆలస్యమైపోయిందమ్మా," అన్నారు డాక్టరుగారు. మార్తక్క ఆ క్రిస్మస్ చూడలేదు.

నా కోర్సు పూర్తయింది. ఎక్స్‌రే క్లియర్ అన్నారు. పాస్టరుగారు మళ్లీ సాక్ష్యం చెప్పమంటే లేచి ఇదంతా చెప్పాను. ఆరోజు ఎవరూ స్తోత్రం అనలేదు.

ఏడెనిమిదేళ్లయింది. పెళ్లయింది, ఆరోగ్యంగా ఉన్నాను, పాఠాలు చెబుతున్నాను. ఇప్పటికీ చర్చిలో ఎవరు దగ్గినా మార్తక్క కూర్చునే ఆడవాళ్ల చివరి వరసకేసి తిరిగి చూస్తాను. నాకు పెట్టిన సమయం ఏడాదిన్నరని దేవుడు మొదటిరోజే డాక్టరుగారిచేత చెప్పించాడు. ఆగలేకపోయింది నేను.

నయమవుతుంటే సాక్ష్యం చెప్పండి, తప్పులేదు. కానీ మాత్రల డబ్బా చేత్తో పట్టుకుని, అందరికీ కనబడేలా చెప్పండి. ఇంకా ఎన్ని నెలలు వాడాలో కూడా చెప్పండి. వెనక వరసలో మార్తక్క వింటూ ఉంటుంది.