నాలుగు మెట్లు కిందికి

మా స్కూల్లో తోటి టీచర్లు అప్పుడప్పుడు అడుగుతుంటారు, "మీ చర్చిలో గోడంత ఎత్తు గొట్టాలుండే ఆర్గాన్ ఉంటుందాండీ?" అని. ఎక్కడుందమ్మా! భవానీపురంలో మా గుడికి ఉన్నవి ఒక కీబోర్డు, ఒక తబలా జత, రెండు మైకులు. ఆ మైకుల్లో ఒకటి ఎవరి మాటా వినదు. అవి కాక సామాన్ల గదిలో బీరువా వెనక ఒక పాత హార్మోనియం పెట్టె. వీటితోనే ప్రతి ఆదివారం పొద్దున పూజలో పాడతాం. గొట్టాల మోత లేని లోటు మా మగవాళ్ళ గొంతులు తీరుస్తాయి.

పెళ్ళయి ఈ విచారణకి, అంటే ఈ చర్చి కిందికి, వచ్చినప్పటి నుంచీ క్వయర్ నా చేతిలోనే ఉంది. స్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి గొంతు పెద్దది, ఓపిక చిన్నది. ప్రాక్టీసుకి ఆలస్యంగా వచ్చినవాళ్ళని గుమ్మంలోనే కడిగేస్తాను. భక్తికీర్తన మాత్రం ఎవరికీ ఇవ్వను. బైబిల్లో మొదటి పఠనం అవగానే ఒకరు మైకు ముందు నిలబడి చరణం పాడాలి, క్వయరూ జనమూ పల్లవి అందుకోవాలి. ఆ ఒకరు ఎప్పుడూ నేనే.

అలాంటి నాకు మెడ మీద థైరాయిడ్ ఆపరేషన్ చేశారు. డాక్టరు గారు మంచివాడే, కానీ మొహమాటం లేనివాడు. "మాటకి ఢోకా లేదమ్మా. పాట సంగతి నేను చెప్పలేను" అన్నారు. ఇంటికొచ్చాక మాట వచ్చింది. మా ఆయన్ని అడిగితే, "తిట్లకి మాత్రం ఏ లోటూ రాలేదు, దేవుడి దయ" అంటారు. ఒకరోజు వంటింట్లో ఎవరూ లేకుండా చూసి కీర్తన ఎత్తుకున్నాను. కింద బాగానే ఉంది. పైకి వెళ్ళేసరికి పాట లేదు, ఉత్త గాలి. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ గాలే. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చాను. పాడలేకపోతే ఆ గుడిలో నేనెవర్ని? ఇక క్వయర్ బెంచీ ఎక్కనని, వెనక వరసలో కొంగు కప్పుకొని కూర్చుని పూజ చూసి వచ్చేస్తానని తీర్మానించుకున్నాను.

అప్పుడొచ్చాడు మా క్వయర్లో కీబోర్డు వాయించే తమ్ముడు, సంచీ నిండా బత్తాయిలతో. కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో షిఫ్టు డ్యూటీ చేస్తాడు, ఇద్దరు పిల్లల తండ్రి. "ఒక్క ఆదివారం రా అక్కా. గొంతు రాకపోతే ఆపేద్దువుగానిలే" అని బతిమాలాడు. సరే, వాడి ముఖం చూసి వెళ్ళాను.

వచ్చింది! కీర్తనలో ఆ పైకెళ్ళే చోట కళ్ళు మూసుకుని దూకాను, గొంతు నన్ను వదలలేదు. కాస్త బరువుగా, బొంగురుగా ఉందంతే. ఆపరేషన్ అయిన గొంతు కదా, అలాగే ఉంటుందనుకున్నాను. ఇంటికొస్తూ దారిలో వేడి వేడి పునుగులు కట్టించుకుని, మా ఆయన ముందు పెట్టి, "ఆ డాక్టరుకేం తెలుసండీ!" అన్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలు నన్ను పట్టేవాళ్ళు లేరు. అందరినీ ఏకిపారేశాను. రిటైరైన ఆర్టీసీ డ్రైవరు ఒకాయన మా క్వయర్లో అడుగు గొంతు. అందరం బాబాయిగారనే అంటాం. పల్లవి మధ్యలో ఆయన గొంతు గుర్రుమని ఎక్కడికో మాయమయ్యేది.

"బాబాయిగారూ, పాట మధ్యలో మీరెక్కడికి వెళ్తున్నారండీ?"

"కిందికెళ్తున్నానమ్మా. నువ్వు కానివ్వు."

పాపం, మిరియాల పాలు తాగి మరీ ప్రాక్టీసుకి వచ్చేవారు. ఆడపిల్లల్ని కూడా వదల్లేదు. "ఏంటే ఆ నీరసం, టిఫిన్లు తినలేదా?" అంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వేవాళ్ళు. కీబోర్డు తమ్ముడేమో కీబోర్డు మీదుండే చిన్న స్క్రీనుకి ప్లాస్టరు ముక్క అంటించాడు. అదేంట్రా అంటే "లైటు కళ్ళలో పడుతోందక్కా" అన్నాడు. నిజమేననుకున్నాను.

మా గుడి పండగ వచ్చింది. పొద్దున పూజకి బిషప్ గారొచ్చారు. జనం వరండా దాటి రోడ్డు మీద వరకూ నిలబడ్డారు. ప్రవేశ గీతం అద్భుతంగా పాడాం. మొదటి పఠనం సగంలో ఉండగా కరెంటు పోయింది. జనరేటరు అందుకుంది, లైట్లు వెలిగాయి, మా కీబోర్డు దగ్గర మాత్రం చిన్న టప్ శబ్దం, కాలిన వాసన. అడాప్టరు పోయింది. కరెంటు తయారుచేసే మనిషి చేతిలోనే కరెంటు పోవడం ఏంట్రా నాయనా అని నవ్వొచ్చింది కూడా. ఇద్దరు పరుగెత్తి బీరువా వెనక నుంచి హార్మోనియం మోసుకొచ్చారు. దుమ్ము నా కొత్త పట్టుచీర మీదే పడింది.

తమ్ముడు పెట్టె ముందు కూర్చున్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అక్కా, ఈ ఒక్కసారికి కీర్తన చదివేద్దామా?"

"చదవడమా? బిషప్ గారి ముందా? నోరు మూసుకుని వాయించు."

వాయించాడు. మైకు ముందుకెళ్ళి మొదటి పాదం ఎత్తుకున్నాను. పైకెళ్ళే చోటు వచ్చింది. గాలి. వంటింట్లో వచ్చిన అదే గాలి, ఈసారి మైకులో, గుడంతా వినేలా. బిషప్ గారు తలెత్తి చూశారు. ప్రతి ఆదివారం పాడిన వరసే కదా, ఏమైంది నాకు?

తమ్ముడు తిత్తి ఊదడం ఆపేసి, నా కొంగు పట్టుకుని గుసగుసగా చెప్పాడు. "నాలుగు మెట్లక్కా. ఇన్నాళ్ళూ బటన్ నొక్కి శ్రుతి నాలుగు మెట్లు కిందికి దించి వాయించా. ఈ పెట్టెకి ఆ బటన్ లేదు. దించి వాయించడం నాకు చేతకాదు."

అర్థమైంది. మా దగ్గర కీబోర్డు నేర్చుకున్నవాళ్ళందరి పద్ధతీ అదే. ఏ పాటైనా అవే తెల్ల మెట్ల మీద వాయిస్తారు, శ్రుతి పెంచాలన్నా దించాలన్నా బటన్ నొక్కుతారు. ఎంత దించారో స్క్రీను మీద అంకె పడుతుంది, ప్లాస్టరు అందుకన్నమాట. అంటే నా గొంతు తిరిగి రానే లేదు. పాటే కిందికి దిగొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. మైకు వదిలేసి, ఆ జనంలోంచి నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోదామనిపించింది. కానీ కోపం అంతకంటే ముందొచ్చింది, అదే కాపాడింది.

"ఆపెయ్ ఆ పెట్టె" అన్నాను.

ఏ వాద్యమూ లేకుండా, నా గొంతు ఎక్కడ నిలబడగలదో అక్కడే ఎత్తుకున్నాను. చరణం చివరిదాకా వచ్చింది. అప్పుడు పట్టుకుంది అసలు భయం. పల్లవి ఎవరందుకుంటారు? ఊతమిచ్చే వాద్యం లేదు. ఇంత లోతులో మొదలుపెడితే ఎవరికి దొరుకుతుంది? తలా ఒక దారిన తడుముకుంటారు, పండగపూట నవ్వులపాలవుతాం.

ఎవరూ తడుముకోలేదు. నా చివరి అక్షరం అయ్యీ కాకముందే ముప్పై గొంతులు ఒక్కసారిగా, సరిగ్గా నేనున్న చోటే పల్లవి పట్టుకున్నాయి. ఊపిరి తీసుకునే చోటు కూడా తప్పలేదు. అన్నిటికీ అడుగున బాబాయిగారి గొంతు, ఎక్కడా మాయం కాకుండా, నిలకడగా. ఒక మనిషి బటన్ నొక్కితే ఇలా రాదు. వీళ్ళంతా నెలల తరబడి ఆ లోతులో కాపురం పెట్టారు. నా తిట్లు తింటూ, నవ్వుకుంటూ. కళ్ళ నీళ్ళు ఆగలేదు. అయినా రెండో చరణం పాడాను.

పూజయ్యాక గుడి వెనక పులిహోర పొట్లాలు పంచుతున్నారు. అక్కడే అందర్నీ నిలదీశాను.

"ఎవరి తెలివి ఇది? నన్ను ఇంత వెర్రిదాన్ని చేస్తారా?"

ఒకరు పొట్లంలోకి, ఒకరు చెట్టు మీదికి చూశారు. బాబాయిగారే నోరు విప్పారు. "ఎవరి తెలివీ కాదమ్మా. మొదటి ఆదివారం వాడు బటన్ నొక్కాడు. మాకూ చెవులున్నాయిగా."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే వచ్చేదానివా?"

నిజం చెప్పాలంటే వచ్చేదాన్ని కాదు. ఆ మాటే అన్నాను. "మరదే" అని ఆయన పులిహోరలో జీడిపప్పు ఏరుకున్నారు.

తర్వాతి ప్రాక్టీసుకి వెళ్ళగానే ప్లాస్టరు పీకించాను. పాటలన్నీ పాత శ్రుతికి తెమ్మన్నాను. కొత్త అడాప్టరుతో తమ్ముడు సిద్ధంగా ఉన్నాడు. ఇక నుంచి కీర్తన నువ్వు పాడవే అని, ఆడపిల్లల్లో పైకి బాగా వెళ్ళే గొంతున్న పిల్లని లేపాను. ఆ పిల్ల లేచింది, నోరు తెరిచింది, గొంతు సవరించుకుంది, మళ్ళీ కూర్చుంది.

"మాకు పైన రావట్లేదు ఆంటీ. అలవాటు తప్పిపోయింది" అంది. మిగతావాళ్ళందరూ అవునవునని తలలూపారు.

పచ్చి అబద్ధం. ఆ వారమే ఆ పిల్ల సైకిల్ మీద పాడుకుంటూ మా వీధిలోంచి వెళ్తుంటే విన్నాను, గొంతు డాబాల మీదికి లేచింది. ఆ సంగతి అక్కడ ఎత్తలేదు. ఆదివారం కీర్తన నేనే పాడాను, నాలుగు మెట్లు కిందే.